రెండూ యాభైకి ఆగిన పంపు

ఇంట్లో కుర్చీలోంచి లేవకుండా, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న లక్ష్మీదేవి కిరీటం దాకా జానెడు గాటు పెట్టిన ఆడమనిషి గురించి మీరు ఎక్కడా విని ఉండరు. ఇప్పుడు వింటారు. ఆ మనిషిని నేనే. ఇది జరిగి నాలుగేళ్ళయింది. అప్పుడు నాకు అరవై ఏడు, ఇప్పుడు డెబ్భై ఒకటి. వయసు పెరిగింది గానీ కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. ఆ ఫోన్ మీద కోపం, దాన్ని నా చేతిలో పెట్టిన కొడుకు మీద కోపం, ఏడాది పొడుగునా ఒకే టైము అచ్చువేసే గోడ క్యాలెండర్ మీద కోపం. అన్నిటికంటే ఎక్కువ కోపం నా మీద. నవ్వాలనుకునేవాళ్ళు ఇక్కడే ఒకసారి నవ్వుకుని రండి. మధ్యలో నవ్వితే నాకు లెక్క తప్పుతుంది.

ముందు నా సంగతి చెప్పాలి. ముప్పై రెండేళ్ళు ఒక బస్సు డిపోలో గేటు పక్కన కూర్చుని, బండ్లు బయటికి పోయే వేళలూ లోపలికి వచ్చే వేళలూ రాశాను. ఆరూ పదికి గేటు దాటాల్సిన బండి ఆరూ పదకొండుకు దాటితే, ఆ డ్రైవరు సాయంత్రం దాకా నా ముఖం చూసేవాడు కాదు. రిటైరయ్యాక రాయడానికి బండ్లు లేకుండా పోయాయి. అయినా చెయ్యి ఊరుకుంటుందా? పాలవాడు వచ్చిన వేళ, నల్లా నీళ్ళు వచ్చిన వేళ, కింది అంతస్తువాళ్ళ కుక్క మొరగడం మొదలుపెట్టిన వేళ, మానేసిన వేళ అన్నీ డైరీలో ఎక్కించాను. ఆ కుక్క ఇప్పుడు లేదు. దాని పేరు మీద మాత్రం నా దగ్గర రెండు డైరీలు ఉన్నాయి.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, మూడో అంతస్తు. మా అబ్బాయి రమేష్‌కు ఎల్బీనగర్‌లో చెక్కపని కార్ఖానా ఉంది. అక్కడ ఒక పెద్ద మెషిను. కంప్యూటర్‌లో బొమ్మ ఇస్తే, గిర్రున తిరిగే మొన ఒకటి పైనుంచి దిగి పలక మీద అదే బొమ్మను చెక్కుతుంది. పలక కదలకుండా ఉండడానికి మెషిను బల్లకు సన్న సన్న రంధ్రాలుంటాయి. కింద ఒక పంపు ఆ రంధ్రాల్లోంచి గాలి పీలుస్తూ ఉంటే, పలక బల్లకు అతుక్కుని ఉంటుంది. పంపు ఆగితే పట్టు పోతుంది. ఈ ముక్క మీకు ముందే చెబుతున్నాను. నాకు మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. పంపు అంటే మెషినుకు గాలి కొట్టే వస్తువనీ, అది ఆగితే మెషిను కూడా మర్యాదగా ఆగిపోతుందనీ నేను అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగి సైకిల్ పంపు తప్ప ఇంకో పంపు చూడని మనిషి ఇంకేమనుకుంటుంది?

ఆ మెషిను దగ్గర యాదగిరి పనిచేస్తాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన వడ్రంగి. యాభై దాటిన మనిషి. తాతల నాటి ఉలులు గుడ్డలో చుట్టి ఇప్పటికీ మెషిను పక్కనే పెట్టుకుంటాడు. పని దేవుడిచ్చినట్టు వస్తుంది. ఒక్కటే లోపం. అన్నం తినడానికి పోతే మోటార్లు ఆపడు, ఇంటికి పోతే లైట్లు ఆపడు. రమేష్ ఆపుదామంటే అక్కడ ఉండడు, సామాను బండిలో వేసుకుని ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. నేను రోజూ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాక, వాడు ఒక రోజు నా ఫోన్ తీసుకుని అందులో నాలుగు గుండ్రటి బొమ్మలు పెట్టాడు. లైట్లు, ఫ్యాన్లు, చెక్కపొట్టు పీల్చే మోటారు, పంపు. ఇక్కడ నొక్కితే అక్కడ ఆగుతుంది. అక్కడ గోడ మీద స్విచ్ ఎవరైనా వేస్తే ఇక్కడ బొమ్మ పచ్చగా వెలుగుతుంది.

"ఇగ నువ్వే చూసుకో అమ్మా. ఎవరి మీద అరిచే పని లేదు" అన్నాడు.

నాకు డిపో గేటు తిరిగి దొరికినట్టయింది. మొదటి నలభై ఒక్క రోజుల్లో రెండు వందల పన్నెండు సార్లు నొక్కాను. ప్రతి నొక్కూ డైరీలో ఉంది. మా కోడలు సునంద కుక్కర్ కూతలు లెక్కపెట్టుకునే చోట నేను ఎల్బీనగర్ ఫ్యాన్లు లెక్కపెట్టాను. పొట్టు మోటారు ఆగిందంటే పని ఆగిందని లెక్క. పని ఆగితే చాయ్. చాయ్‌కి పదిహేను నిమిషాలు. పదహారో నిమిషంలో ఫ్యాన్లు బంద్.

అప్పుడు ఫోన్ వచ్చేది.

"అమ్మా, ఫ్యాన్ బంద్ చేసిండ్రా?"

"చాయ్‌కి పదిహేను నిమిషాలు చాలు యాదగిరీ. ఇరవై రెండు అయింది."

"చాయ్ ఎప్పుడో అయిపాయె. నున్నగ రుద్దుతున్నం. చెమట కారి పలక మీద పడుతున్నది."

"మరి ఫ్యాన్ వేసుకో."

"ఎయ్యనీకి మీరు ఉంచితె గద అమ్మా!"

ఇలా సాగుతున్న నా రాజ్యంలోకి మన్సూరాబాద్ నుంచి బాల్‌రెడ్డి గారు వచ్చారు. పాత ఊరి వ్యవసాయ కుటుంబం. పొలం పోయి కాలనీ అయినా మాట మాత్రం పొలం గట్టు మీద నుంచి పిలిచినంత గట్టిగా ఉంటుంది. కొత్త ఇల్లు కడుతున్నారు. వీధి గుమ్మం చట్రాన్ని మా వైపు దర్వాజ అంటాం. దాన్ని నిలబెట్టడం ఇంట్లో పెళ్ళంత పని. ముహూర్తం గురువారం పొద్దున. ఆ దర్వాజ నెత్తిన కూర్చోవడానికి ఒక గజలక్ష్మి పలక కావాలి. మధ్యలో అమ్మవారు, చెరో పక్క కలశం ఎత్తి పట్టుకున్న ఏనుగు. పలక ఆయనే తెచ్చారు, మా ఇంటికే, కొత్త తువ్వాలలో చుట్టి.

"రెండే మాటలు రమేష్. గీ టేకు మా నాయిన పెట్టిన చెట్టు. చెట్టు కొట్టేసి శానా ఏండ్లాయె. గిదే ఆఖరి ముక్క. ఖరాబైతే నేను ఇంకోటి తేలేను, నువ్వు ఇయ్యలేవు. ఇంకో మాట, రాహుకాలంల నా పలక మీద మొన పెట్టొద్దు."

మొదటి మాట రమేష్ విన్నాడు. రెండో మాట నేను విన్నాను. మా ఇంటి పతనం అక్కడ మొదలైంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పనివ్వండి. నాకు రాహువు మీద భక్తి కంటే తప్పు టైము మీద కోపం ఎక్కువ. పలక మెషిను ఎక్కేది మంగళవారం. గోడ క్యాలెండర్ మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర అంటుంది. ఎండాకాలం అదే, చలికాలం అదే. అది సూర్యుడు రోజూ ఆరింటికి హాజరు వేసుకుని ఆరింటికి ఇంటికి పోతాడనుకునేవాళ్ళ లెక్క. రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకటి తీసుకోవడం. మంగళవారానికి ఏడో భాగం. పగలు పెద్దదైతే భాగమూ పెద్దదవుతుంది. ఈ మాత్రం తెలియని క్యాలెండర్ గోడకు ఎందుకు, ఆ మేకు చాలదా?

సోమవారం సాయంత్రం కూర్చుని లెక్క కట్టాను. కార్తీక మాసం. ఆ మంగళవారం సూర్యోదయం ఆరూ పదహారు, అస్తమయం ఐదూ నలభై రెండు. పగలు ఆరు వందల ఎనభై ఆరు నిమిషాలు. ఎనిమిదో వంతు ఎనభై ఐదు నిమిషాల నలభై ఐదు సెకన్లు. ఆరు భాగాలు గడిచేసరికి రెండూ యాభై నిమిషాల ముప్పై సెకన్లు. అక్కడితో ఆగే మనిషినైతే మీకు ఈ కథ ఉండేది కాదు. ఈ లెక్క దిల్‌సుఖ్‌నగర్‌ది. పలక ఎల్బీనగర్‌లో ఉంది. ఎల్బీనగర్ మాకు తూర్పున ఉంటుంది కాబట్టి అక్కడ సూర్యుడు ఆరు సెకన్లు ముందు ఉదయిస్తాడు. కనుక రాహుకాలం మొదలయ్యేది రెండూ యాభై నిమిషాల ఇరవై నాలుగు సెకన్లకు.

సునంద నా భుజం మీదుగా తొంగిచూసింది. "అత్తమ్మా, ఈ టైము యాదగిరికి చెప్పిండ్రా?"

"చెప్పేదేముంది? ఆపేది నేనే కదా" అన్నాను.

ఈ ఒక్క మాటను నేను పలకకుండా ఉండి ఉంటే! సునంద ఆ మాటను నాలుగేళ్ళుగా నాకు వారానికి రెండుసార్లు గుర్తుచేస్తోంది. సగటున రెండూ పావు.

మంగళవారం. యాదగిరి తన క్యాలెండర్ ప్రకారం మూడింటిలోపు ముగించాలని పొద్దున్నే మెషిను మొదలుపెట్టాడు. రెండూ యాభై ఐదుకల్లా అయిపోయేలా ఏర్పాటు. ఈ సంగతి నాకు తెలియదు. నా లెక్క వాడికి తెలియదు, అప్పటిదాకా ఒక్కసారీ నొక్కని పంపు బొమ్మ నా ఫోన్‌లో ఉందనీ తెలియదు. ఇద్దరం చెరో గడియారం పట్టుకుని ఒకే రాహువు కోసం ఎదురుచూస్తున్నాం.

నేను అన్నం తిని, చేతి గడియారం ముందు పెట్టుకుని, డైరీ తెరిచి కూర్చున్నాను. రెండూ యాభై. పది సెకన్లు. ఇరవై. ఇరవై నాలుగు. పంపు నొక్కాను. బొమ్మ ఎర్రబడింది. రాశాను.

రెండూ యాభై రెండుకు బొమ్మ పచ్చగా వెలిగింది.

నా కళ్ళను నేనే నమ్మలేదు. ఆపింది నేను. వేసింది ఎవరు? రాహుకాలం నడుస్తుండగా, బాల్‌రెడ్డి గారు అంత గట్టిగా చెప్పిపోయాక, నేను ఆపిన పంపును వేసే ధైర్యం ఎవరికి? మళ్ళీ నొక్కాను. రాశాను. అర నిమిషంలో మళ్ళీ పచ్చ. నొక్కాను. పచ్చ. నొక్కాను.

"యాదగిరి నా మీద పంతం పట్టిండు!" అని కేక వేశాను.

"ఫోన్ చేసి అడగరాదు అత్తమ్మా?" అంది సునంద వంటింట్లోంచి.

"నేను అడగాల్నా? తప్పు చేసినోడు చెయ్యాలె ఫోన్!"

నొక్కుడు మీద నొక్కుడు. నా బొటనవేలు ఎండాకాలం తారు రోడ్డు మీద అడుగు పెట్టినట్టు మండింది. మూడూ ఒకటికి నొక్కిన నొక్కుతో బొమ్మ ఎర్రగా ఉండిపోయింది, మళ్ళీ వెలగలేదు. గెలిచాను. చెమట తుడుచుకుని, వరుస కింద గీత గీసి, మొత్తం వేశాను.

మూడూ ఎనిమిదికి రమేష్ ఫోన్. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఎవరికో బీరువా దించుతున్నాడు.

"అమ్మా, కొంప మునిగింది. బాల్‌రెడ్డి పలక ఖరాబైందట. యాదగిరి ఏడుస్తున్నడు. నేను వస్తున్న."

"ఖరాబు కాక ఏమైతది? రాహుకాలంల మెషిను నడిపితే!"

"రాహుకాలం ఏందమ్మా? అప్పటికి మూడు కూడ కాలేదంట."

"గా క్యాలెండర్ సంగతి నాకు చెప్పకు. నేను గూడ వస్తున్న. రుజువు తెస్తున్న."

డైరీ సంచిలో వేసుకుని మెట్రో ఎక్కాను. మూడు స్టేషన్లే. ఆ మూడు స్టేషన్లలో యాదగిరిని ఎలా కడిగేయాలో ఇరవై వాక్యాలు తయారుచేసుకున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ నా పెదవులు కదలడం చూసి జపం చేస్తున్నాననుకుని కొంచెం జరిగి చోటిచ్చింది.

కార్ఖానాలోకి అడుగు పెడితే, లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. యాదగిరి బోర్లించిన డబ్బా మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పంపుకు కుంకుమ బొట్టు, మెడకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. బల్ల మీద పలక వంకరగా పడి ఉంది. నేను పలక చూడలేదు. నేను వచ్చింది మనిషి కోసం.

"గీ నిమ్మకాయ ఏంది?"

"నేనే కట్టినమ్మా. పంపుకు ఏదో పట్టింది." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆఖరి ఐదు నిమిషాల పని. ఏనుగు కలశం మీద మొన తిరుగుతున్నది. దబ్బున పంపు బంద్ అయింది. పట్టు పోయి పలక జారింది. మొన పైకి లేపేటాల్లకే గీత పడ్డది. ఏమైందని పంపు ఆన్ చేసి చూస్తే బంద్. మల్ల ఆన్ చేస్తే మల్ల బంద్. కరెంటు ఉన్నది, లైట్లున్నయి, గీ ఒక్క పంపే. అప్పటికి మూడు కూడ కాలే. గని రాహువు ముందే వచ్చిండమ్మా. నా కండ్ల ముందట ఏడుసార్లు బంద్ చేసిండు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే నేటికీ ఆ నేరం రాహువు మీదే ఉండేది. ఆయనకు ఉన్న పేరుకు అదొక భారం కాదు. కానీ ఎదుటి మనిషి తప్పు అంకె చెబుతుంటే ఊరుకునే నోరు కాదు నాది.

"ఏడు కాదు" అన్నాను. "తొమ్మిది."

"ఏడే అమ్మా. నేను లెక్కవెట్టిన."

"నువ్వు లెక్కపెట్టినవు, నేను రాసిపెట్టిన. ఇగో." డైరీ తెరిచి గట్టిగా చదివాను. "రెండూ యాభై, ఇరవై నాలుగు సెకన్లు, ఒకటి. రెండూ యాభై రెండు, రెండు. రెండూ యాభై మూడు, మూడు. రెండూ యాభై నాలుగు, నాలుగు..."

ఐదో వరుస దగ్గర నాకే ఏదో తేడాగా అనిపించి తలెత్తాను. యాదగిరి నోరు తెరిచి చూస్తున్నాడు. గుమ్మంలో రమేష్, బండి తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"అమ్మా" అన్నాడు రమేష్ మెల్లగా, "గవన్నీ నీకెట్ల తెలుసు?"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా రాత మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ రోజు నా రాతే నన్ను వేలెత్తి చూపింది, సెకన్లతో సహా.

యాదగిరి లేచాడు. పంపు మెడలోంచి నిమ్మకాయ, మిరపకాయలు విప్పాడు. వాటిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ వాటిని చూశాడు.

"గిప్పుడు గివి ఎక్కడ కట్టాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం ఎంత ఘాటుగా ఉంటుందో మీకు తెలుసు, తెలియదని అబద్ధమాడకండి. "పంపు పలకను పట్టుకుంటదని నాకు ఒక్కరన్నా చెప్పిండ్రా?" అని ఇద్దరి మీదా అరిచాను.

"రాహుకాలం ముందుకు జరిగిందని మాకు మీరు చెప్పిండ్రా అమ్మా?" అన్నాడు యాదగిరి.

దీనికి జవాబు నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను. దొరికితే రాసి పంపుతాను.

అప్పుడు పలక చూశాను. కుడివైపు ఏనుగు ఎత్తిన కలశం అంచు నుంచి కిందికి, వంకర తిరుగుతూ, అమ్మవారి కిరీటం దాకా ఒక గాటు. కిరీటం కింది అంచు దగ్గర, అమ్మవారి కంటికి నూలుపోగంత దూరంలో ఆగింది. బాల్‌రెడ్డి గారి నాయన నాటిన చెట్టు. ఆఖరి ముక్క. నేను ఆ బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను.   రమేష్ పలక మీద పొట్టు ఊది, గాటు లోతు వేలితో చూశాడు.

యాదగిరి గుడ్డమూట విప్పి ఒక సన్న ఉలి తీశాడు. గాటు పొడుగునా దాని మొన తాకీ తాకకుండా నడిపించాడు.

"కలశంలకెల్లి పడ్డది గద" అన్నాడు తనలో తాను. "కలశంలకెల్లి ఏం పడుతది? నీళ్ళు."

రమేష్ తలెత్తాడు.

"నీళ్ళు చెక్కుత సార్. అమ్మవారి నెత్తి మీద అభిషేకం. గని మెషిను మీద కాదు, చేత్తోటి. రేపంతా పడుతది." తర్వాత నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు రేపు రావాలె. ఫోన్ ఇంట్ల పెట్టి రావాలె."

"నేనెందుకు?"

"పంపు పని మీరు చెయ్యాలె. పలకను రెండు చేతులతోటి కదలకుంట పట్టుకోవాలె. రమేష్ సార్ దర్వాజ చట్రం పనిల ఉంటడు. ఇంకెవరున్నరు?"

పలకను బల్లకు బిగించి పట్టే క్లాంపులు కార్ఖానాలో నాలుగు ఉన్నాయని నాకు తెలుసు. వాడికీ తెలుసు. ఇద్దరం వాటి వైపు చూడలేదు.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి మొత్తం ఆరు గంటల పద్నాలుగు నిమిషాలు నేను పంపుగా పనిచేశాను. మధ్యలో ఫ్యాన్ ఎవరూ వెయ్యలేదు. చెమట ముక్కు చివర దాకా వచ్చి వేలాడింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"యాదగిరీ, ఫ్యాన్."

"చాయ్ టైం కాదు గదమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా.

వాడి ఉలి కింద గాటు కొంచెం కొంచెంగా మెత్తబడింది. అంచులు వంపు తిరిగాయి. ఒక పాయ రెండైంది, రెండు మూడయ్యాయి. చుక్కలు చిమ్మాయి. నేను కోపం మర్చిపోయిన నిమిషాలు ఆ రోజులో కొన్ని ఉన్నాయి. అవి ఎన్ని అన్నది రాయలేదు, చేతులు ఖాళీగా లేవు.

గోడ గడియారం పన్నెండుకు ఒక నిమిషం తక్కువ చూపించింది.  బుధవారం ఐదో భాగం!

"యాదగిరీ! ఆపు! రాహుకాలం!"

"కదలొద్దమ్మా. ఉలి జారితే కన్ను పోతది."

"బాల్‌రెడ్డి గారికి మాటిచ్చినం కదరా!"

వాడు ఊపిరి బిగబట్టి ఒక చుక్క చెక్కి, పొట్టు ఊది, అప్పుడు అన్నాడు: "రాహుకాలంల మొదలు పెట్టొద్దంటరు. నడుస్తున్న పని ఆపమని ఎవరన్నరమ్మా?"

నేను గట్టిగా ఊపిరి పీల్చాను. పలకను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పంపు చేసే పని అదే కదా.

గురువారం మన్సూరాబాద్. దర్వాజ లేచింది. గడపకు పసుపు, మామిడాకులు, కొబ్బరికాయలు, పక్కన డప్పు మోత. పలక మీద తువ్వాల తీశారు. బాల్‌రెడ్డి గారు మెడ వెనక్కి వంచి చూశారు. చూస్తూనే ఉన్నారు. ఆయన బావమరిది, నాగోల్‌లో ఇల్లు కట్టుకుంటున్న మనిషి, ఆయన పక్కనే నిలబడి చూశాడు.

"రమేష్. గీ నీళ్ళు ఏంది? నాకు చూపెట్టిన బొమ్మల నీళ్ళు లేవు గద?"

"అభిషేకం, పటేలా" అన్నాడు యాదగిరి చటుక్కున.

"మరి ఒక్క ఏనుగే పోస్తున్నది. రెండోది?"

"దాని వంతు రాలేదు పటేలా."

వాడు నన్ను కాపాడుతున్నాడు. నేను వాడి చాయ్ నిమిషాలు లెక్కపెట్టిన మనిషిని, వాడు నా కోసం ఏనుగులకు వంతులు వేస్తున్నాడు. నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి పూర్తిగా నా మీదే. ముందుకు వచ్చి చెప్పేశాను. ఫోన్, పంపు, తొమ్మిది నొక్కులు, రెండూ యాభై నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. "తప్పు యాదగిరిది కాదు. నాది. రాసిపెట్టి ఉన్నది."

డప్పు ఆగిపోయింది. బాల్‌రెడ్డి గారు నన్ను పైనుంచి కిందికి చూశారు.

"అంటే అక్కా, గోడ మీద క్యాలెండర్ తప్పయితే, అసలు రాహుకాలం పట్టుకుని సెకను కూడ తప్పకుంట పని ఆపినవా?"

"ఆపిన."

"ముక్క ఖరాబైతదన్నా గూడ?"

"ముక్క ఖరాబైతదని తెల్వదు" అన్నాను. ఆ మాట ఆయన వినలేదు.

"చూసిండ్రా!" అని చుట్టాల వైపు తిరిగి పొలం గట్టు గొంతుతో అరిచారు. "మాటిస్తే గట్ల నిలబడాలె! నా పలక మీద రాహుకాలంల ఒక్కసారి గూడ మొన పడలే. అవునా అక్కా?"

బుధవారం పన్నెండు నుంచి నడిచిన ఉలి నా కళ్ళ ముందు కదిలింది. యాదగిరి ఆకాశం వైపు చూశాడు. రమేష్ నేల వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి, నా దగ్గర కచ్చితమైన అంకె ఉండి కూడా, నేను నోరు తెరవలేదు. బాల్‌రెడ్డి గారూ, మీరు ఇది చదువుతుంటే, విషయం ఇప్పుడు చెబుతున్నాను. ఉలి రాహుకాలంలో నడిచింది. మీ ఇల్లు నాలుగేళ్ళుగా చల్లగానే ఉంది. దయచేసి పలక దించకండి.

ఇంతలో ఆయన బావమరిది రమేష్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు గూడ గిట్లనే కావాలె. గవే నీళ్ళు. గదే వంకర. గట్లనే కన్ను పక్కకెల్లి పోవాలె."

రమేష్ నసిగాడు. "ఆ గీత మా కంప్యూటర్‌ల లేదండి..."

"కంప్యూటర్‌ల లేదు సార్" అన్నాడు యాదగిరి, వినయంగా చేతులు కట్టుకుని. "అమ్మ ఫోన్‌ల ఉన్నది. పలక ఎక్కించి చెప్తం. ఇంట్ల కూసోని ఒక్కసారి నొక్కితే చాలు."

ఆ రోజు డప్పు కంటే నవ్వు గట్టిగా మోగింది. ఇప్పటికీ ఆ కార్ఖానాలో పలక ఏదైనా జారితే "అమ్మ నొక్కింది" అంటారట. నాకు తెలియదనుకుంటున్నారు. ఎవరు ఎన్నిసార్లు అన్నారో రాసి ఉంది.

కనుక, డిపో గేటు సాక్షిగా, పోయిన కుక్క డైరీలు రెండింటి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ వస్తువు ఏమి చేస్తుందో దాని దగ్గరికి వెళ్ళి కళ్ళతో చూడకుండా ఇక ఈ జన్మలో దాన్ని దూరం నుంచి ఆపను. రాహువు గీహువు ఎవరు వచ్చినా, పనిచేసే మనిషిని అడగకుండా ఫ్యాను కూడా ఆపను. మాట తప్పితే ఆ నిమ్మకాయ, ఆ మిరపకాయలు నా మెడలోనే కట్టండి. చోటు ఇప్పుడు అందరికీ తెలుసు.

ఇంత రాసి గడియారం చూస్తే, ఇవాళ్టి రాహుకాలం మొదలై నాలుగు నిమిషాలయింది. అయినా కలం కింద పెట్టలేదు. నడుస్తున్న పని ఆపమని ఎవరన్నారు?